పనిచేసే బూస్టర్ లేకుండా బండి పంపారు: టోయింగ్‌లో పాడైన నా కారు గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: గత శనివారం రాత్రి ఎన్‌హెచ్-65 మీద చిట్యాల దాటాక ఆగిపోయిన నా ఆడి టీటీని మీ టోయింగ్ బండి ఎక్కించేటప్పుడు జరిగిన నష్టం

నమస్కారం అండీ.

మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్‌కి మూడేళ్లుగా డబ్బు కడుతున్నాను. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా మీకు ఫోన్ చేసే అవసరం రాలేదు. అవసరం పడిన మొదటి రాత్రే నా కారు మీ వాళ్ల చేతిలో పాడైంది. మీ యాప్‌లో ఫిర్యాదు రాయడానికి ఇచ్చిన చిన్న పెట్టెలో ఇదంతా పట్టదు, పైగా అక్కడ రాసిన దానికి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒక మెసేజ్, కింద ఐదు స్టార్లు ఇమ్మని ఇంకో మెసేజ్ వచ్చాయి. అందుకే పూర్తిగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

నాది 2016 మోడల్ టీటీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. విజయవాడ నుంచి మా అమ్మను తీసుకుని హైదరాబాద్ వస్తుంటే కొర్లపహాడ్ టోల్ దాటాక బ్యాటరీ లైటు వెలిగింది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందని అర్థమైంది. ఏసీ, పాటలు అన్నీ ఆపేసి ఎంత దూరం వస్తే అంత దూరం వద్దామని నెమ్మదిగా నడిపాను. నకిరేకల్ దాటింది, నార్కట్‌పల్లి దాటింది, చిట్యాల దాటిన కాసేపటికి డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఇంజన్ ఆగిపోయింది. ఉన్న ఊపుతోనే ఎడమ అంచుకు తెచ్చి, గేరు పార్కింగ్‌లో వేసి, హ్యాండ్ బ్రేకు బటన్ లాగాను. డిక్కీ తెరిచి ఎర్ర ట్రయాంగిల్, దాంతోపాటు టోయింగ్ కొండీ బయటికి తీసి పెట్టుకున్నాను. ఆ తర్వాత కారులో కరెంటు చుక్క కూడా లేదు. అప్పుడు టైము 5:40, చలికాలం కదా, అప్పటికే మసక పడింది.

5:52కి మీ నంబరుకు చేశాను. మీ కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. నేను మూడు విషయాలు చెప్పాను. ఒకటి, ఇది నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి వెళ్లే కారు, ముందు చక్రాలో వెనక చక్రాలో ఎత్తి లాక్కెళ్లే బండి పనికిరాదు, కారు మొత్తాన్ని పైకెక్కించుకుని మోసే ఫ్లాట్‌బెడ్డే కావాలి. రెండు, బ్యాటరీ పూర్తిగా డౌన్, బయటి నుంచి కరెంటు ఇచ్చే బూస్టర్ తప్పకుండా తేవాలి. మూడు, కారు చాలా కిందికి ఉంటుంది, ర్యాంపు ఎక్కేటప్పుడు టైర్ల కింద పెట్టడానికి చెక్క పలకలు కావాలి. అంతా విని ఆమె అడిగిన ప్రశ్న ఇది: "సార్, హ్యాచ్‌బ్యాకా, సెడానా, ఎస్‌యూవీనా?" మూడూ కాదమ్మా, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు అన్నాను. "ఆ ఆప్షన్ లేదు సార్, సెడాన్ అని పెడుతున్నాను" అంది. తర్వాత ఆ రాత్రి జరిగిందంతా ఆ ఒక్క మాటలోంచే వచ్చింది. నేను చెప్పిన మూడు విషయాల్లో ఒక్కటీ బండి డ్రైవర్ దాకా చేరలేదు. అతని ఫోన్‌లో వచ్చిన మెసేజ్ నేను కళ్లారా చూశాను: సెడాన్, నాట్ స్టార్టింగ్, చిట్యాల. అంతే.

8:35కి మొదటి బండి వచ్చింది. ముందు చక్రాలను ఎత్తి లాక్కెళ్లే రకం. డ్రైవర్ దిగి కింద ఆ ఇనుప చట్రం దూర్చబోతుంటే చేతులు అడ్డం పెట్టి ఆపాను. నా కారు క్వాట్రో, అంటే నాలుగు చక్రాలూ నడిచే రకం, ముందు వెనక ఇరుసుల మధ్య షాఫ్టు ఉంటుంది. ఒక ఇరుసు ఎత్తి రెండోది రోడ్డు మీద దొర్లిస్తూ లాగకూడదని కంపెనీ మాన్యువల్‌లోనే ఉంది. నాలుగు చక్రాల మీద లాగాలన్నా గేరు న్యూట్రల్‌లో ఉండాలి, గంటకు 50 కిలోమీటర్ల వేగం, 50 కిలోమీటర్ల దూరం దాటకూడదు. ఎందుకంటే ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిప్పే పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజన్ ఆగి చక్రాలు తిరిగితే లోపల భాగాలు ఆయిల్ అందక ఒరుసుకుంటాయి. వర్క్‌షాప్ అక్కడికి 60 కిలోమీటర్ల పైనే ఉంది. ఇదంతా ఆ డ్రైవర్‌కి చెబితే పాపం అతను విని, "నాకు ఎవరూ చెప్పలేదన్నా, చెప్పుంటే వచ్చేవాడినే కాదు" అని వెళ్లిపోయాడు. సరిగ్గా ప్రవర్తించింది ఆ రాత్రి అతనొక్కడే.

ఈ మధ్యలో మా అమ్మ. ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పక్కనుంచి లారీలు పోతుంటే కారు ఊగిపోతోంది, లోపల కూర్చోబెట్టడానికి భయం, బయట నిలబెట్టడానికి చలి. మీ ప్లాన్ కాగితంలో ప్రయాణికులకు ట్యాక్సీ అని రాసి ఉంది. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ "అరేంజ్ చేస్తున్నాం సార్" అన్నారు. చివరికి హయత్‌నగర్‌లో ఉండే మా బావమరిది వచ్చి ఆమెను తీసుకెళ్లాడు. ఆ టెన్షన్ ఎలాంటిదో మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీకే తెలుస్తుంది.

11:10కి రెండో బండి వచ్చింది. ఫ్లాట్‌బెడ్డే, హమ్మయ్య అనుకున్నాను. డ్రైవర్‌కి ఇరవై, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. బూస్టర్ ఉందా తమ్ముడూ అంటే ఉంది అన్నాడు, తీసి చూస్తే దాన్లో చార్జింగ్ లేదు. పలకలు లేవు. టైర్ల మీంచి వేసి కట్టే బెల్టులు లేవు. గొలుసు, రెండు కొక్కేలు, తాడు చుట్టి కారును లాగే వించ్, అవే ఉన్నాయి.

బూస్టర్ గురించి నేను ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో మీ వాళ్లకు అర్థం కాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ కారులో హ్యాండ్ బ్రేకు లివర్ ఉండదు, బటనే ఉంటుంది, వెనక చక్రాల దగ్గర చిన్న మోటార్లు బ్రేకును బిగిస్తాయి, వదులుతాయి. కరెంటు లేకపోతే వదలవు. గేరు కూడా పార్కింగ్‌లో ఇరుక్కుని ఉంటుంది, మామూలుగా న్యూట్రల్‌లోకి రావాలంటే దానికీ కరెంటు కావాలి. అంటే ముందు చక్రాలను గేర్‌బాక్స్ పట్టుకుని ఉంది, వెనక చక్రాలను బ్రేకు పట్టుకుని ఉంది, నాలుగూ కదలవు. పనిచేసే బూస్టర్ ఒకటి తగిలించి ఉంటే బ్రేకు వదిలేది, గేరు న్యూట్రల్‌కి వచ్చేది, ఇద్దరం మనుషులం చేత్తో నెట్టినా కారు కదిలేది. పది నిమిషాల పని. అదీ లేకపోతే, లాకైన టైర్ల కింద పెట్టే ప్లాస్టిక్ స్కేట్లు ఉంటాయి, చెప్పుల్లా ఉంటాయి చూడటానికి, వాటి మీద కారు జారుతూ ఎక్కుతుంది. ఇలాంటి కార్లు తీసుకెళ్లే బండ్లలో అవి తప్పకుండా ఉండాలి. మీ బండిలో లేవు.

ఇంకో బూస్టర్ పంపమని మీ కాల్ సెంటర్‌కి చేశాను. హోల్డ్‌లో పెట్టారు. ట్రాఫిక్ చప్పుడులో ఏమీ వినబడక రోడ్డు దిగి కొంచెం పక్కకి వెళ్లాను. వెళ్లే ముందు ఆ అబ్బాయికి టోయింగ్ కొండీ చేతికిచ్చి, ముందు బంపర్‌లో చిన్న మూత తీస్తే కన్నం ఉంటుంది, అందులో బిగించు, దానికే వించ్ హుక్ వెయ్యి, నేను వచ్చేదాకా మాత్రం లాగొద్దు అని చెప్పాను. ఆ కొండీకి ఎడమ మర ఉంటుంది. మామూలు బోల్టులా కుడివైపు తిప్పితే బిగియదు, ఎడమవైపు తిప్పాలి. అదీ చెప్పాను, కానీ లారీ హారన్ల మధ్య అతనికి వినబడిందో లేదో నాకు తెలియదు.

వించ్ మోత విని వెనక్కి పరిగెత్తాను. కొండీ రోడ్డు మీద పడి ఉంది. "థ్రెడ్ పోయింది సార్, పట్టట్లేదు" అన్నాడు. కుడివైపే తిప్పి తిప్పి వదిలేశాడన్నమాట. హుక్కు తీసుకెళ్లి కారు కింద ఎడమ ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి తగిలించాడు. తాడు బిగుసుకుని ఉంది, నాలుగు చక్రాలూ లాకై ఉన్నాయి, కారు దొర్లట్లేదు, ఈడ్చుకొస్తోంది. టార్చి వేసి చూస్తే రోడ్డు మీద నాలుగు నల్లటి చారలు, కాలిన రబ్బరు వాసన. ఆపు ఆపు అని అరిచేలోపు ముందు బంపర్ కింద ఉండే లిప్ ర్యాంపు అంచుకు తగిలి పటుక్కున విరిగింది. టైరు ర్యాంపును తాకకముందే ముక్కు తాకింది, పలకలు అడిగింది ఇందుకే. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ అబ్బాయి బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు. ఏమని తిడతాం? ఈ పని చేస్తున్నది రెండు నెలలుగానేనట, స్పోర్ట్స్ కారు ఎక్కించడం ఇదే మొదటిసారట. నేర్పకుండా పంపింది మీరు.

అప్పటికి సగం ర్యాంపు మీద ఉంది, వెనక్కి దింపితే ఇంకా విరుగుతుంది. దగ్గర్లోని డాబా వాళ్లను బతిమాలి, వాళ్ల వ్యాన్ పక్కకు తెచ్చి, నా డబ్బుతో కొన్న కేబుళ్లతో కరెంటు ఇచ్చి బ్రేకు వదిలించాను, గేరు న్యూట్రల్ చేశాను. కొండీని ఎడమవైపు తిప్పితే నాలుగు చుట్లలో బిగిసింది. థ్రెడ్ ఏమీ పోలేదు. అక్కణ్ణుంచి ఐదు నిమిషాల్లో కారు మెత్తగా ఎక్కేసింది. చూస్తున్న డాబా ఆయన కూడా "ఇంత తేలికా" అన్నాడు.

కట్టడం కూడా నేనే దగ్గరుండి చూశాను. గొలుసుతో మళ్లీ ఆ ఆర్మ్‌కే కట్టబోయాడు. వద్దని, డాబాలో సరుకు కట్టే నైలాన్ బెల్టులు అడిగి తెచ్చి, చక్రాల మీంచి కట్టించాను. చక్రాన్ని కడితే గుంతల్లో కారు బాడీ తన స్ప్రింగుల మీద తాను ఊగుతుంది, బండికి అంటుకున్న చక్రం కదలదు. సస్పెన్షన్‌కి గొలుసు వేసి లాగి కడితే ప్రతి గుంతకూ ఆ దెబ్బంతా అవే భాగాల మీద పడుతుంది. చౌటుప్పల్ దగ్గర ఆపించి బెల్టులు మళ్లీ బిగించాం, నేననుకున్నట్టే రెండు వదులయ్యాయి. వర్క్‌షాప్ గేటు దగ్గర దింపేసరికి రాత్రి 2:20. అప్పుడు అతను నైట్ ఛార్జీ అని 3,500 అడిగాడు. ప్లాన్‌లో 100 కిలోమీటర్ల దాకా ఉచితం కదా అంటే, ఆఫీసు వాళ్లు తీసుకోమన్నారు అన్నాడు. ఇచ్చి యూపీఐ రసీదు పెట్టుకున్నాను.

సోమవారం వర్క్‌షాప్ వాళ్లు లిఫ్టు మీద ఎత్తి చూశారు. ఎడమ లోయర్ ఆర్మ్ వంగింది, దాని రబ్బరు బుష్ చిరిగింది, వీల్ అలైన్‌మెంట్ తప్పింది. ముందు లిప్, దాని వెనక ఉండే అండర్ ట్రే విరిగాయి. నాలుగు టైర్లలోనూ ఒకే చోట రబ్బరు గీసుకుపోయింది, వెనక రెండింటికీ ఎక్కువ. ఆల్ వీల్ డ్రైవ్ కారులో అరిగిన టైర్లు, కొత్త టైర్లు కలిపి వేయకూడదు కాబట్టి రెండే మార్చి సరిపెట్టుకోవడం కుదరదన్నారు. గేర్‌బాక్స్‌లో పార్కింగ్ లాక్ అంటే పళ్ల చక్రంలో పడే చిన్న ఉక్కు కొక్కెం, లాగినప్పుడు ఆ బలమంతా దాని మీదే పడింది. అది బాగుందో లేదో విడిగా పరీక్ష చేయాలట. మొత్తం ఎస్టిమేట్ 1,86,400 రూపాయలు, పార్కింగ్ లాక్ ఖర్చు అందులో లేదు. ఆల్టర్నేటర్ మార్చే ఖర్చు నాది, అది నేను మిమ్మల్ని అడగట్లేదు.

మీ వాళ్లు ఫోన్ చేసి "ఆ డ్యామేజీ ముందే ఉందేమో సార్" అన్నారు. 5:48కి ట్రయాంగిల్ పెట్టినప్పుడు ముందు నుంచి తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, లిప్ చెక్కు చెదరకుండా కనిపిస్తుంది. హుక్కు ఆర్మ్‌కి ఉండగా తీసిన వీడియో ఉంది. ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయడం మీ సిబ్బంది పని. వాళ్లు ఒక్కటీ తీయలేదు.

ఇది డబ్బున్నవాడి గోల అని దయచేసి అనుకోకండి. ఈ కారు కోసం ఏడేళ్లు కూడబెట్టాను. హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీలో 2023 నవంబర్‌లో చివరి టీటీ తయారైంది, ఇక కొత్తవి రావు. లిప్ ఎప్పుడొస్తుందో వర్క్‌షాప్ వాళ్లు తేదీ చెప్పలేకపోతున్నారు. నాకు ఇలాంటి కారు ఇంకోటి దొరకదు. పైగా ఆ మెసేజ్‌లో సెడాన్ అని పడిన ప్రతి కారుకూ ఇదే ప్రమాదం. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు ఇప్పుడు మామూలు కార్లలో కూడా వస్తోంది, బ్యాటరీ పోతే వాటి చక్రాలూ ఇలాగే బిగుసుకుంటాయి.

నేను అడుగుతున్నది ఇది. రిపేరు ఖర్చు 1,86,400, అక్రమంగా తీసుకున్న 3,500 తిరిగి ఇవ్వాలి. పార్కింగ్ లాక్ పరీక్షలో ఏమైనా తేలితే అదీ మీదే. ఆ రాత్రి నా ఫోన్ కాల్స్ రికార్డింగు చెరిపేయకుండా ఉంచి నాకు కాపీ పంపాలి, నేను ఫ్లాట్‌బెడ్, బూస్టర్ అని ఎన్నిసార్లు అన్నానో అందులోనే ఉంటుంది. మీ కాల్ సెంటర్ ఫారంలో ఏ చక్రాలకు డ్రైవ్, చక్రాలు దొర్లుతున్నాయా, బ్యాటరీ ఉందా, కారు ఎంత కిందికి ఉంది, ఈ నాలుగు ప్రశ్నలు చేర్చి, జవాబులు డ్రైవర్ ఫోన్‌కి వెళ్లేలా చేయండి. ఆ అబ్బాయి జీతంలోంచి మాత్రం ఒక్క రూపాయి కూడా కోయవద్దు, అలా జరిగిందని తెలిస్తే దాన్నీ నా ఫిర్యాదులో కలుపుతాను.

15 రోజులు చూస్తాను. ఆ లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే ముందు 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వేయవచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. ఫోటోలు, వీడియో, వర్క్‌షాప్ ఎస్టిమేట్, యూపీఐ రసీదు దీనికి జత చేశాను. విరిగిన లిప్ ముక్కలు, వంగిన ఆర్మ్ పారేయవద్దని వర్క్‌షాప్‌కి చెప్పి ఉంచాను, మీ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ ప్లాన్ సభ్యుడు,
హైదరాబాద్