వార్షిక నివేదిక: ఆదివారం బుర్రకథ, మూడేళ్ల తాళం

సభ్యులందరికీ నమస్కారం. కార్యదర్శి నివేదిక బోరు మోటారుతో మొదలవడం మన కాలనీ ఆనవాయితీ. అదేదో ముందే చెప్పేస్తాను. మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ రీవైండింగ్ చేయించాం. మూడో వీధిలో లైట్లు మార్చాం. వినాయక చవితి, ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద ఉంది. అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగండి, రోజూ సాయంత్రం పార్కు బెంచీ మీదే దొరుకుతారు.

ఈసారి ఎక్కువ చోటు పిల్లల బుర్రకథ తరగతికి ఇస్తున్నాను. కిందటి సర్వసభ్య సమావేశంలో దాన్ని వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. "ఈ రోజుల్లో బుర్రకథ ఎవరు వింటారండీ, స్పోకెన్ ఇంగ్లీషు పెడదాం" అన్నది నేనే. మినిట్స్ పుస్తకంలో ఉంది కాబట్టి దాచినా దాగదు.

మాస్టారు రెండో వీధి చివరింట్లో అద్దెకుంటున్నారు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి కుటుంబ నియంత్రణ మీదా, ఎయిడ్స్ మీదా కథలు చెప్పిన మనిషి. చిన్నప్పుడు షేక్ నాజర్ గారి పల్నాటి యుద్ధం విని ఇందులోకి వచ్చానంటారు. నాజర్ గారిది మన గుంటూరు పక్కన పొన్నెకల్లే. 1986లో పద్మశ్రీ అందుకున్న కళాకారుడు. మొదటి రోజు మాస్టారు ఈ సంగతి చెబితే పిల్లల్లో ఒక్కరికీ ఆ పేరు తెలియలేదు. పెద్దవాళ్లలో ఎందరికి తెలుసో నేను లెక్కపెట్టలేదు.

ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా తరగతి. 17 మంది చేరారు, చివరికి 11 మంది మిగిలారు. మానేసినవాళ్లలో ఎక్కువమందిది టెన్త్ పరీక్షల టెన్షన్. మిగతావాళ్లు ఎందుకు మానేశారో చెప్పాలంటే గొడవ సంగతి చెప్పాలి.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు. ఒక వంతది హాస్యం. రెండో వంత రాజకీయం మాట్లాడతాడు, అంటే కథ ఆపి ఈనాటి సంగతుల మీద నాలుగు మాటలు అంటాడు. మాస్టారు రెండు నెలల పాటు ఒక్క పిల్లవాడి చేతికీ తంబురా ఇవ్వలేదు. అందరూ వంతలే. ఆయన కథ చెబుతుంటే వీళ్లు "తందాన తాన" అందుకోవాలి, సమయానికి "ఆహా" అనాలి, "తరవాతేమైంది?" అని అడగాలి. తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చారు. "మావాడికి మెయిన్ రోల్ ఎప్పుడిస్తారండీ?" అని. ఇద్దరు పిల్లలు ఆ కోపంలోనే మానేశారు.

నేను వెళ్లి అడిగాను. మాస్టారు నాకు జవాబివ్వలేదు, పిల్లల్ని మొదలుపెట్టమన్నారు. ఒకమ్మాయి "ఆహా" అనాల్సిన చోట పక్కకు చూస్తూ ఉండిపోయింది. ఆయన కథ ఆపేసి మెల్లగా, "నువ్వు వినలేదమ్మా. వినకపోతే నేనెవరికి చెప్పను?" అన్నారు. ఆ అమ్మాయి తరవాత ఒక్క "ఆహా" కూడా తప్పలేదు. నేను నా ప్రశ్న మళ్లీ అడగలేదు.

వానాకాలంలో వచ్చిన చిక్కు కూడా రాయాలి. ముసురు పట్టిందంటే గుమ్మెట తోలు మెత్తబడి, ఖంగుమని మోగాల్సింది దుప్పటి దులిపినట్టు చప్పుడు చేసేది. ఎండ వచ్చినప్పుడు పిల్లలు వాటిని డాబా మీద వరసగా పెట్టి, పది నిమిషాలకోసారి వేలితో కొట్టి చెవి ఆనించి వినేవాళ్లు. వాళ్ల చేతుల్లో అంతసేపు ఫోన్ లేకపోవడం ఆ ఇళ్లవాళ్లు నాకు ప్రత్యేకంగా చెప్పారు.

ప్రదర్శన సంక్రాంతి సెలవుల్లో కమ్యూనిటీ హాలు ముందు పెట్టాం. కథ అల్లూరి సీతారామరాజుది. కథకురాలు ఎనిమిదో తరగతి అమ్మాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా రోజుకో పోలీస్ స్టేషన్ మీద పడి రామరాజు తుపాకులు పట్టుకుపోయిన ఘట్టం ఊపుగా నడుస్తోంది. అక్కడ రాజకీయ వంత గుమ్మెట ఆపాడు.

"మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తలుపులు తెరిపించాడే రామరాజు! మన కాలనీ లైబ్రరీ తలుపు మూడేళ్లయినా తెరుచుకోదేం, కథకురాలా?"

"తాళంచెవి ఎక్కడుందో ఏమో నాయనా!"

హాస్య వంత అందుకుంది. ఆ పిల్ల మా పక్కింటి అమ్మాయే. "నేను చూశాను! కార్యదర్శి గారింట్లో, క్యాలెండర్ పక్కన మేకుకి వేలాడుతోంది!"

నవ్వులు తెలిసినవే, మీలో చాలామంది అక్కడే ఉన్నారు. కరోనా తరవాత ఆ గది తెరుద్దామని ప్రతి సమావేశంలోనూ అనుకోవడం, ఎవరు కూర్చోవాలో తేలక వాయిదా వేయడం జరుగుతూనే ఉంది. తాళంచెవి నిజంగానే మా ఇంట్లో, నిజంగానే మేకుకే ఉంది. ఆ మాట మాస్టారు రాసిచ్చింది కాదని తరవాత తెలిసింది. వంత మాటలు పిల్లలే కూర్చుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒకటే: "ఎవరినన్నా అనండి గానీ, అన్నది నిజమై ఉండాలి."

మర్నాడు పొద్దున గది తెరిచాం. చెదలు రెండు అరల పుస్తకాలు తినేశాయి, మిగిలినవి బాగానే ఉన్నాయి. ఇప్పుడు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటోంది. తరగతి పిల్లలే వంతులవారీగా కూర్చుంటున్నారు. అధ్యక్షుల వారు మాత్రం "పిల్లల చేత పెద్దల్ని అనిపించడం పద్ధతి కాదు" అని అభ్యంతరం రాసిచ్చారు, దాన్ని ఫైల్లో పెట్టాం. నాకు ఆ అభ్యంతరం లేదు, అనిపించుకున్నది నేనే అయినా.

మాస్టారికి నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నాం. ఇది తక్కువ. వచ్చే ఏడాది 6,000 చేయాలని కార్యవర్గం తరఫున ప్రతిపాదిస్తున్నాను, దయచేసి మోటారు ఖర్చుతో ముడిపెట్టి వాయిదా వేయకండి. రెండు గుమ్మెటలకు తోలు మార్పించాలి. పల్నాటి యుద్ధం నేర్పుతానని మాస్టారు ఒప్పుకున్నారు. వంతలు ఈసారి డ్రైనేజీ మీద మాటలు తయారు చేస్తున్నారని విన్నాను.

చివరగా, కథకుడు తాళం కోసం వేలికి పెట్టుకునే అందె ఒకటి ప్రదర్శన రోజు నుంచి కనబడటం లేదు. ఎవరింట్లోనైనా ఉంటే లైబ్రరీలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి