పెదనాన్నకి ఉత్తరం: అప్లికేషన్‌లో ఆయుర్వేదం గురించి

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న ఫోన్‌లో మీరు, "మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో ఆయుర్వేదం మీద నీకున్న ఆసక్తి గురించి గట్టిగా రాయమ్మా, దాచుకోవాల్సిందేముంది" అన్నారు. మా కాలేజీ అడ్వైజర్ మాత్రం అసలా ఊసే ఎత్తొద్దంటున్నారు. చదివేవాళ్ళలో ఎవరికి ఏ అభిప్రాయం ఉంటుందో, లేనిపోని రిస్క్ ఎందుకని ఆవిడ భయం. నేను రాయడానికే నిర్ణయించుకున్నాను. కాకపోతే మీరు చెప్పిన తీరులో రాయడం లేదు. ఆ ఆసక్తి మీ ఆయుర్వేద వైద్యం చూస్తూ మీ దగ్గరే మొదలైంది కాబట్టి, ఎందుకో మీకు వివరంగా చెప్పాలి.

ఇక్కడ అమెరికాలో మన నీట్‌లాగా ర్యాంకు రాగానే సీటు తేలిపోదు. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, కాలేజీ మార్కులు చూస్తారు. వాటితోపాటు డాక్టర్ ఎందుకవ్వాలనుకుంటున్నామో ఒక వ్యాసం రాయాలి. ఎం.డి. (ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టర్ డిగ్రీ) కాలేజీల ఉమ్మడి అప్లికేషన్‌లో దానికి ఇచ్చేది 5,300 అక్షరాలు, పదాల మధ్య ఖాళీలు కూడా లెక్కే. చేసిన పనులు 15 వరకు చూపించుకోవచ్చు. ఆ తర్వాత ఒక్కో కాలేజీ తన ప్రశ్నలు విడిగా పంపుతుంది, చివర ఇంటర్వ్యూ. నా కాగితాలు చదివేది ఐసీయూ డాక్టర్ కావచ్చు, ల్యాబ్‌లోనే జీవితం గడిపిన సైంటిస్టు కావచ్చు. "మాది వేల ఏళ్ళ శాస్త్రం" అని మొదలుపెడితే వాళ్ళకి నా గురించి ఏమీ తెలియదు. పైగా వెంటనే అడుగుతారు: "అంత నమ్మకముంటే ఆయుర్వేదమే చదవొచ్చుగా?" అది న్యాయమైన ప్రశ్నే పెదనాన్నా. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకిన మనిషికి, గుండె రక్తనాళం మూసుకుపోయిన మనిషికి ఆ రాత్రే వైద్యం చెయ్యగలగాలని నా కోరిక. అది ఈ చదువుతోనే వస్తుంది. ఈ మాట వ్యాసంలో ముందే చెప్పేస్తున్నాను.

అసలు రాస్తున్నది క్లినిక్ గురించి. శనివారాలు ఒక ఉచిత క్లినిక్‌లో తెలుగువాళ్ళకి ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్తున్నానని మీకు తెలుసు. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళే ఎక్కువ. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని డాక్టర్ అడిగితే, లేదంటారు. ఒకావిడ షుగరుకి గ్లిమెపిరైడ్ వేసుకుంటూ, ఇంటి నుంచి తెచ్చుకున్న కాకర, పొడపత్రి క్యాప్సూల్స్ కూడా వేసుకుంటున్నారు. తెల్లవారుజామున చెమటలు పట్టి వణుకు వస్తోందని చెప్పారు గానీ, క్యాప్సూల్స్ మాట చెప్పలేదు. "అవి మందులు కావుగా అమ్మా, ఆకులేగా" అన్నారు నాతో. డాక్టర్‌కి ఇది తెలియాలని నచ్చజెప్పి, ఆవిడ సరేనన్నాక చెప్పాను. ఆయన విసుక్కోలేదు. సీసా చూపించమన్నారు, ఎప్పటి నుంచి వాడుతున్నారో, ఏం గుణం కనిపించిందో అడిగారు. ఆ తర్వాతే క్యాప్సూల్స్ ఎందుకు ఆపాలో చెప్పి, రోజూ షుగర్ చూసి రాసుకుని తెమ్మన్నారు. ఆవిడ నిజంగానే రాసుకుని తెచ్చారు! కసురుకుని ఉంటే మళ్ళీ ఆ క్లినిక్ గుమ్మం తొక్కేవారు కాదని నా నమ్మకం.

ఇది మన పెద్దవాళ్ళకే ఉన్న అలవాటు కాదు. డేవిడ్ ఐసెన్‌బర్గ్ బృందం 1993లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక సర్వే ప్రచురించింది. 1990లో అమెరికాలో 34 శాతం మంది ఇలాంటి ప్రత్యామ్నాయ వైద్యం ఏదో ఒకటి వాడారట. అలా వాడుతూ డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళినవాళ్ళలో 72 శాతం మంది ఆ సంగతి డాక్టర్‌కి చెప్పలేదు. చెప్పకపోతే ప్రాణం మీదికి రావచ్చు. దిగులు తగ్గడానికి ఇక్కడ సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వాడతారు. అది లివర్‌లోని ఎంజైములను పెంచి, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వేసుకునే సైక్లోస్పోరిన్‌ని పనిచేయకుండా చేస్తుంది. దానివల్ల మార్చిన గుండెను శరీరం తిరస్కరించిన సందర్భాలున్నాయి. రోగి భయపడకుండా ఇవన్నీ చెప్పుకోగల డాక్టర్ కావాలనేదే నా వ్యాసం. ఆ డాక్టర్‌కి మీ వైద్యం గురించి కొంతైనా తెలిసి ఉండాలి కదా.

మీకు బాధ కలిగించే సంగతి కూడా ఒకటి రాయక తప్పదు. బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే, 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో జామా పత్రికలో వచ్చింది. సరిగ్గా శుద్ధి చేసిన భస్మం వేరు, బజారు సరుకు వేరు అని మీరంటారు. ఆ తేడా కొనుక్కునేవాళ్ళకి సీసా చూస్తే తెలియదు పెదనాన్నా. అలాగే 2018లో యేల్ పరిశోధకులు, నయం చేయదగ్గ క్యాన్సర్‌కి మామూలు చికిత్స మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే చేయించుకున్నవాళ్ళకి మరణ ముప్పు రెండున్నర రెట్లని తేల్చారు. ఇంటర్వ్యూలో ఇవి అడిగితే నేను మనవైపు వకాల్తా పుచ్చుకోను. ఉన్నదున్నట్టు చెప్తాను. అది చెప్పగలిగితేనే సర్పగంధ గురించి నేను చెప్పేది వాళ్ళు వింటారు. రుస్తుం జాల్ వకీల్ గారు బొంబాయిలో రక్తపోటు రోగులకి సర్పగంధ ఇచ్చి, ఫలితాలు లెక్కగట్టి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వాళ్ళు దాన్నుంచి రిసర్పిన్ అనే రక్తపోటు మందు విడదీశారు. దారి చూపింది మన వైద్యమే. ఎంత మోతాదు, ఎవరికి ఇవ్వకూడదు, మనసు కుంగిపోయే ప్రమాదం ఎంత అన్నవి పరీక్షల మీద తేలాయి. నాకు ఈ రెండూ ఇష్టమే.

మీరు చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వ్యాసంలో పెట్టడం లేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పిన మనిషి హార్వర్డ్‌కి వచ్చి అంతటి పరిశోధన చేశారంటే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఉన్న కాస్త చోటులో నేను చేసిందే రాయాలి.

డీ.ఓ. కాలేజీల గురించి, అంటే ఆస్టియోపతీ అనే పద్ధతి నుంచి వచ్చిన ఇక్కడి రెండో రకం డాక్టర్ డిగ్రీ గురించి కూడా అడిగారు. అది మన ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ లాంటిది కాదు. ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టినప్పుడు అది వేరే వైద్యమే. ఇవాళ డీ.ఓ.లు ఎం.డి.ల మాదిరే మందులు రాస్తారు, సర్జరీలు చేస్తారు. చేతులతో కండరాల్ని, కీళ్ళని సరిచేసే విద్య అదనంగా నేర్చుకుంటారు. వాటికీ అప్లై చేస్తున్నాను. ప్రత్యామ్నాయ వైద్యం ఇష్టం కాబట్టి మీ కాలేజీ అని రాస్తే మాత్రం వాళ్ళు నొచ్చుకుంటారు.

ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేసే ప్రశ్నల్లో ఒకటి మీకు నచ్చుతుంది. ఒక డాక్టర్‌కి హోమియో మందుల మీద నమ్మకం లేదు, అయినా నీరసం, తలనొప్పి అని వచ్చినవాళ్ళకి ధైర్యం కోసం అవే ఇస్తాడు, ఇది సరేనా? సరికాదనే చెప్తాను. తను నమ్మనిది నమ్మించి ఇవ్వడం ఒక తప్పు. ఆ నీరసం వెనకాల థైరాయిడో, రక్తహీనతో ఉంటే దాన్ని ఆలస్యం చేయడం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆ రోగులకి కావల్సిన ఓదార్పు నిజమైనదే. 2010లో హార్వర్డ్‌లో టెడ్ కాప్‌చుక్ బృందం పేగుల జబ్బు ఉన్నవాళ్ళకి "ఇది ఉత్త మాత్ర, ఇందులో మందు లేదు" అని చెప్పి మరీ ఇచ్చారు. ఏ మాత్రా ఇవ్వనివాళ్ళ కన్నా వాళ్ళకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. అబద్ధం చెప్పకుండా కూడా ఊరట ఇవ్వచ్చన్నమాట. మీరు నాడి పట్టుకుని నింపాదిగా మాట్లాడే తీరు నాకిక్కడ గుర్తొస్తుంది.

మీ నుంచి ఒక సాయం కావాలి. ఏ లక్షణాలు కనిపిస్తే మీరు మందు ఇవ్వకుండా నేరుగా పెద్దాసుపత్రికి పంపేస్తారో, అల్లోపతీ మందులు వాడుతున్నవాళ్ళని ముందుగా ఏమేం అడుగుతారో రాసి పంపండి. మీరలా పంపించేస్తారని ఇంటర్వ్యూలో చెప్పాలనుకుంటున్నాను, వివరాలు తప్పు పోకూడదు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినా చాలు. అప్లికేషన్ మే నెలాఖరుకి పంపేస్తాను, ఆ లోపు అందితే మంచిది. వ్యాసం కూడా అన్నయ్యకి మెయిల్ చేస్తున్నాను, తెలుగులో చదివి వినిపించమనండి. మీ గురించి రాసిన రెండు వాక్యాల్లో ఏది నచ్చకపోయినా తీసేస్తాను.

పెద్దమ్మకి నా నమస్కారాలు.

మీ అమ్మాయి,
సుధ