కేకు పంచిపెడితే వ్యాపారమా?

కస్టమర్ కేర్ పైఅధికారి గారికి,

మీ పేరు నాకు తెలియదు. అడిగాను, "ఆ వివరాలు మా దగ్గర ఉండవు మేడం" అన్నారు, అందుకే పేరు లేకుండా రాస్తున్నాను. మాది తెనాలి. డిసెంబరు మొదట్లో మీ కంపెనీ ఓటీజీ ఓవెన్ (కేకులు కాల్చుకునే కరెంటు పొయ్యి) పాడైందని ఫిర్యాదు ఇచ్చాను. క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది, వీధిలో సంక్రాంతి ముగ్గులు పడుతున్నాయి, మీ దగ్గర్నుంచి మాత్రం ఎవరూ రాలేదు. ఓవెన్ పాడవడం గురించి నాకంత కోపం లేదండి. మిషనన్నాక ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. మీవాళ్ళు నాతో మాట్లాడిన తీరు గురించే ఈ ఉత్తరం, కాస్త ఓపిగ్గా చదవండి, నేను మీ హోల్డ్ మ్యూజిక్ ఎంత ఓపిగ్గా విన్నానో అంత ఓపిగ్గా.

పాడైంది కింది రాడ్డు. పైది ఎర్రగా వెలుగుతుంది, కిందిది చల్లగా ఉంటుంది. ఇంతే సమస్య. పండగకి ముందు ఎలా వస్తుందో చూద్దామని ఒక కేకు పెట్టాను. పావు కిలో మైదా, అంతే వెన్న, అంతే పంచదార, ఐదు గుడ్లు, మాడబెట్టిన పంచదార పాకం రంగుకి, నవంబరు ఆఖర్లో నల్ల ద్రాక్షరసంలో నానబెట్టి ఫ్రిజ్‌లో దాచిన కిస్‌మిస్, జీడిపప్పు, టూటీఫ్రూటీ. (రమ్ములో నానబెడితే బాగుంటుందని టీవీలో చెబుతారు, మా ఇంట్లో రమ్ము గడప దాటదు.) అరగంటకి పైన గోధుమరంగు తిరిగి పగుళ్ళిచ్చింది, అబ్బ ఎంత బాగా వచ్చింది అనుకున్నాను. చీపురుపుల్ల గుచ్చితే పుల్ల నిండా పచ్చి పిండి. ఇంకాసేపు ఉంచాను. పైన నల్లబడింది గానీ లోపల మారలేదు. గిన్నె బోర్లిస్తే పైచెక్క ఊడొచ్చింది, మిగతాదంతా దోసెల పిండిలా పళ్ళెంలోకి జారింది, జీడిపప్పు మొత్తం అడుగున. ఆ జీడిపప్పు ఏరి కడుక్కున్నాను, ధరలు అలా ఉన్నాయి మరి.

సరే, టోల్‌ఫ్రీకి చేశాను. మీ కాల్ మాకు ఎంతో విలువైనది అంది రికార్డింగు. తెలుగు కోసం ఏదో నంబరు నొక్కమంటే నొక్కాను. అవతల్నుంచి "మేడం జీ, లైన్ పే బనే రహియే", అంటే లైన్లోనే ఉండమని. నా హిందీ పదో తరగతిలో 20 మార్కులొస్తే పాసయ్యే హిందీ. దానితోనే రాడ్డు, కేకు, క్రిస్మస్ అన్నీ చెప్పుకున్నాను. ఆ అబ్బాయి మర్యాదగా విని, "ప్లగ్ తీసి మళ్ళీ పెట్టారా?" అని అడిగాడు. పెట్టాను. "స్విచ్చి వేశారా?" వెయ్యకుండా పైరాడ్డు ఎలా వెలుగుతుంది నాయనా? తర్వాతి రోజు తెలుగావిడ దొరికింది, ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పాత ఫిర్యాదు చదవదు, మళ్ళీ మొదట్నుంచి చెప్పమంటుంది. చెప్పాను. "క్రిస్మస్ లోపు కష్టం మేడం, ఈసారికి బేకరీలో కొనేసుకోండి" అంది. ఓవెన్ అమ్మే కంపెనీ నోట ఈ సలహా విన్నాక నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆ తర్వాత టెక్నీషియన్ కుర్రాడు ఫోన్ చేశాడు. "ఆంటీ, లొకేషన్ పెట్టండి" అంటే పెట్టాను. ఆ రోజంతా ఇంట్లోంచి కదల్లేదు, మార్కెట్‌కి కూడా మావారినే పంపాను, ఆయన తెచ్చిన వెన్న ఉప్పు వెన్న, అది వేరే కథ. సాయంత్రం ఆ కుర్రాడే చేసి "ఆంటీ, తెనాలి మా కిందికి రాదంట, గుంటూరు వాళ్ళు చూస్తారు" అన్నాడు. గుంటూరు వాళ్ళని అడిగితే తెనాలి విజయవాడ కింద. విజయవాడ వాళ్ళని అడిగితే గుంటూరు కింద. రెండు ఊళ్ళూ మాకు దగ్గరే, మధ్యలో మేమే ఎవరికీ కాకుండా పోయాం. ఇలా ఉండగానే ఫోన్‌కి మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? మా వరండాలో కట్టిన పేపరు నక్షత్రం ఒకటుంది, లోపల బల్బు కూడా వెలుగుతుంది. కావాలంటే వచ్చి విప్పుకుపొండి, ఆ వంకనైనా మీ మనిషి మా ఇంటికి వస్తాడు.

చివరికి మావారు ఓవెన్‌ని పాత దుప్పట్లో చుట్టి బస్సెక్కించారు. గుంటూరు సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా "బిల్లు" అన్నాడు. ఆన్‌లైన్‌లో కొన్నది కదా, ఫోన్‌లో చూపించాం. ప్రింటు కావాలన్నాడు. ఎండలో వెళ్ళి జిరాక్స్ షాపు వెతుక్కుని ప్రింటు తెస్తే షాపు స్టాంపు లేదన్నాడు. ఆన్‌లైన్ షాపుకి స్టాంపు ఎవరు వేస్తారు బాబూ అంటే లంచ్ టైమయిందన్నాడు. ఆ ఓవెన్ ఒళ్ళో పెట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాం. నాకు మోకాళ్ళ నొప్పులు, మావారికి షుగరు. లోపల మీ బోర్డు మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ, అమ్మ కేకు పట్టుకుని ఉంది. లంచ్ అయ్యాక వచ్చి కంప్యూటర్‌లో చూసి, అప్పుడు చెప్పాడు అసలు సంగతి: "మేడం, మీ కంప్లైంట్‌లో కమర్షియల్ యూజ్ అని రాసుంది. వారంటీ రాదు."

కమర్షియలేమిటా అని ఆలోచిస్తే వెలిగింది. మధ్యలో ఒకబ్బాయి ఫోన్‌లో, "పండక్కి ఎన్ని కేకులు చేస్తారు మేడం?" అని అడిగాడు. ఇన్నాళ్ళకి ఒకడు మనిషిలా మాట్లాడాడని సంబరపడి, "పదో పన్నెండో అవుతాయి బాబూ, వీధంతా ఇవ్వాలి కదా" అన్నాను. దాన్ని ఆయన వ్యాపారమని రాసుకున్నాడు! ఎవరికిస్తానో అడగలేదు, ఎంతకిస్తానో అడగలేదు.

ఇప్పుడు చెబుతాను, రాసుకోండి. పాస్టరు గారింటికి ఒకటి. క్యారల్స్‌కి అర్ధరాత్రి డప్పులతో వచ్చే పిల్లలకి రెండు, వాళ్ళకి ముక్కలు పెద్దవి కొయ్యాలి లేకపోతే ఇంకో పాట పాడరు. పాలబ్బాయికి, మా పనమ్మాయి పిల్లలకి చెరొకటి. రంజాన్‌కి పక్కింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నెతో వస్తుంది, సంక్రాంతికి ఎదురింటి పిన్నిగారు అరిసెలు, జంతికలు డబ్బాలో పంపిస్తారు, ఆ గిన్నెలూ డబ్బాలూ ఖాళీగా తిరిగివ్వం కదా, మా వంతు క్రిస్మస్‌కి వస్తుంది. కేకుతో పాటు మేమూ అరిసెలు వండుతాం, కజ్జికాయలు, గులాబీ పువ్వులు కూడా, అన్నీ కలిపి ఒక పళ్ళెంలో పెట్టి ఇస్తాం. మీ లెక్కన ఇది వ్యాపారమైతే ఎదురింటి పిన్నిగారికి ముందు జీఎస్టీ నంబరు ఇప్పించండి, డెబ్బై ఏళ్ళు దాటాయి, సంతోషిస్తారు.

నవ్వులాటకి అనడం లేదు. మా తోడికోడలి కొడుకు గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు, వాడికి చూపిస్తే "పిన్నీ, ఇది ఊరికే రాసిన మాట కాదు" అన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్ళు వినియోగదారుల లెక్కలోకి రారట, అంటే ఆ ఒక్క మాటతో నాకు ఫిర్యాదు చేసే హక్కే లేకుండా చేసేశారు. స్వయం ఉపాధికి, బతుకుతెరువుకి కొనుక్కున్నవాళ్ళకి కూడా ఆ చట్టంలో రక్షణ ఉందని చెప్పాడు. ఊరికే పంచిపెట్టేదాన్ని నేనేమవుతానో మీ లీగల్ వాళ్ళని అడిగి చెప్పండి.

మీ కంపెనీని నేను నిన్నగాక మొన్న చూసినదాన్ని కాను. నా పెళ్ళికి మా నాన్న కొనిచ్చిన మిక్సీ మీదే, దాని జార్లు మారాయి గానీ మోటారు ఇప్పటికీ తిరుగుతోంది. మా అమ్మాయి సారెలో మీ మిక్సీయే పెట్టాం, కోడలికి గ్రైండర్ కూడా మీదే. అప్పట్లో మీ మెకానిక్ సైకిల్ మీద వచ్చి బాగుచేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు, ఏ నంబరూ నొక్కక్కర్లేదు. ఇప్పుడు మీకు యాప్ ఉంది, బాట్ ఉంది, ఆ బాట్ నన్ను "హాయ్ డియర్" అని పిలుస్తుంది. మనుషులు మాత్రం లేరు.

పండగ ఆగిందనుకునేరు, ఆగలేదు. మా అమ్మ కాలంలో సత్తు గిన్నెలో ఇసుక పోసి, మధ్యలో కేకు గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. నేను పాత కుక్కర్‌కి గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున ఇసుక పోసి సన్నని మంట మీద పెట్టాను. ఒకసారికి ఒక్కటే పడుతుంది. 24 రాత్రి ఆరాధనకి వెళ్ళే ముందు దాకా పొయ్యి దగ్గరే ఉన్నాను, హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలితో కూర్చుని మాట్లాడే తీరిక లేదు. ఒకటి అడుగు మాడింది, చెక్కేసి మావారికి పెట్టాను. పాలబ్బాయికి మాత్రం ఈసారి అరిసెలే ఇచ్చాను, "కేకు లేదా అమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పను? నీకు కేకిస్తే నేను వ్యాపారస్తురాలినవుతానంట్రా అని చెప్పనా?

కాబట్టి నాకేం కావాలంటే, కింది రాడ్డు వేసివ్వండి. చేతకాకపోతే కొత్త ఓవెన్ ఇవ్వండి, లేదా డబ్బు వెనక్కివ్వండి, ఏదైనా సరే. వీటన్నిటికంటే ముందు నా ఫిర్యాదులోంచి కమర్షియల్ అన్న మాట కొట్టేసి, కొట్టేశామని కాగితం మీద రాసి పంపండి. ఆ రాసిన అబ్బాయిని ఉద్యోగంలోంచి తియ్యమని నేననను, వాడికీ అమ్మ ఉంటుంది, కానీ ఒకసారి ఫోన్ చేసి క్షమించమని అడగాలి. హిందీలో అడిగినా పరవాలేదు.

పండగ అయ్యాక ఊరుకుంటాననుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇప్పుడు మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చట, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరే రావాలి, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. అప్పుడైనా తెనాలి ఎవరి కిందికి వస్తుందో మీకే తెలుస్తుంది. ఇక మా చర్చి స్త్రీల సమాజంలో సగం మంది నన్ను అడిగే మిక్సీలు కొన్నారు. ఈ ఉత్తరం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇంకా పెట్టలేదు, టైపు చేసి మాత్రం ఉంచాను.

ఫోన్ చేస్తే మధ్యాహ్నం రెండు తర్వాత చెయ్యండి. తెలుగు వచ్చినవాళ్ళ చేత, నా ఫిర్యాదు ఒకసారైనా చదివినవాళ్ళ చేత చేయించండి.

ఇట్లు,
తెనాలి నుంచి మీ పాత కస్టమర్

తా.క.: ఈ ఉత్తరం అందిందని ఆటోమేటిక్ మెసేజ్ పంపి, కింద మళ్ళీ రేటింగ్ అడిగారంటే ఆ స్క్రీన్‌షాట్ కూడా కేసులో పెడతాను.