ఊళ్లో పనిగది పెట్టే ముందు ఇన్వర్టర్ సంగతి చూడండి

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. సొంతూళ్లో ఉండి కంపెనీ పని చేసుకునేవాళ్లకు ఉమ్మడి పనిగదులు కావాలన్న మాట మాదీ. అలాంటి గదులకు నెట్, కరెంటు వేసే పనిలో ఉన్నాం కాబట్టి ఒక్కటే విన్నపం: కొత్త భవనాలు వద్దు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలున్నాయి. రైతుల మీటింగులకు అడ్డు రాకుండా ఓ పక్క పార్టిషన్ కట్టి తలుపు పెడితే పదిమందికి సరిపోతుంది. మిగిలే డబ్బు కరెంటు మీద, రెండో నెట్ లైను మీద పెట్టండి.

లెక్క చూడండి. పది ల్యాప్‌టాప్‌లకు 500 వాట్లు, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగింటికి 120, లైట్లకూ రౌటర్‌కూ 80. మొత్తం 700. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెడితే కాగితం మీద 3.6 యూనిట్లు, చేతికొచ్చేది రెండున్నర. అంటే మూడున్నర గంటలు. అదీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని డిస్టిల్డ్ వాటర్ పోస్తేనే. ఇన్వర్టర్ మీది చిన్న స్విచ్ ‘యూపీఎస్’ వైపు లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో క్లయింట్ కాల్ గోవిందా! మండలంలో నెట్ పంచే పెట్టెకు బ్యాటరీ లేకపోతే మాత్రం గదిలో ఎంత బ్యాకప్ ఉన్నా దండగే.

ఊళ్లకు నెట్ తెచ్చే ప్రభుత్వ టీ-ఫైబర్ కేబుల్ చాలాచోట్ల మిషన్ భగీరథ మంచినీటి పైపుల వెంటే వెళ్లింది. ఖర్చు కలిసొచ్చింది, నిజమే. కానీ లీకేజీ కోసం జేసీబీ దిగితే కేబుల్ కూడా తెగొచ్చు. రెండో లైను అదే కందకంలోంచి వస్తే అది ఉన్నా లేనట్టే. వేరే కంపెనీ 4జీ లేదా 5జీ రౌటర్ పెట్టి, యాంటెన్నా డాబా మీదకెక్కించండి. వీడియో కాల్‌కు మనిషికి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, అయితే అప్‌లోడ్‌లోనూ అంత రావాలి. టెండర్లలో డౌన్‌లోడ్ ఒక్కటే రాసి సరిపెట్టొద్దు.

వేళల సంగతి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఐదింటికే తాళం పడే గది అమెరికా వేళల్లో పనిచేసేవాళ్లకెందుకు? తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, ఆడపిల్లల బాత్‌రూమ్‌కు లోపల గడియ ఉందో లేదో, గేటు దాకా లైటుందో లేదో ముందే తేల్చాలి.

కరెంటు బిల్లు పంచాయతీ మీద వేయకండి. విడిగా మీటరు పెట్టించి, మూడేళ్ల నిర్వహణ ఖర్చు అదే జీవోలో చేర్చండి. ట్రయల్ మాత్రం ఈదురుగాలుల మే నెలలో చేయించండి. జనవరిలో అన్నీ బాగానే పనిచేస్తాయి.

ఇట్లు,
నెట్‌వర్క్, ఎలక్ట్రికల్ పనివాళ్లం,
హైదరాబాద్