ఆఫర్ లెటర్ చూపించి అడిగాకే రాజీనామా చేశాను: గృహ రుణం ఆపేసిన బ్యాంకుకు ఫిర్యాదు

తేదీ: 27 జూన్ 2025

గృహ రుణాల విభాగం అధికారి గారికి,
ప్రాంతీయ కార్యాలయం, విశాఖపట్నం.

విషయం: ఉద్యోగం మారానని నా గృహ రుణం ఫైలును పక్కన పెట్టడం గురించి.

అయ్యా,

పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. మే 5 నుంచి హైదరాబాద్ దగ్గర బొల్లారం పారిశ్రామికవాడలోని మరో కంపెనీలో అదే పని చేస్తున్నాను. అక్కడికి దగ్గర్లోని బాచుపల్లిలో 62 లక్షల ఫ్లాట్ కోసం మీ గాజువాక శాఖలో 45 లక్షల రుణానికి దరఖాస్తు పెట్టుకున్నాను.

నేను ఏదీ దాచలేదు. ఫిబ్రవరి 14న కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ పట్టుకుని మీ శాఖకు వెళ్లి, అధికారి ముందు కూర్చుని అడిగిన మొదటి ప్రశ్నే అది: ‘‘రుణం చేతికి రాకముందే ఉద్యోగం మారితే ఇబ్బంది ఉంటుందా సార్?’’ అదే రంగం, అదే పని, జీతం ఎక్కువ కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదని, చేరాక అపాయింట్‌మెంట్ లెటర్, మొదటి నెల పేస్లిప్ ఇస్తే సరిపోతుందని ఆయన చెప్పారు. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి రూ.18,585 ఆ రోజే కట్టించుకున్నారు. మార్చి 3న ఆరు నెలల గడువుతో సూత్రప్రాయ మంజూరు లేఖ ఇచ్చారు. ఆ లేఖ చేతికి వచ్చిన సాయంత్రమే నేను రాజీనామా పంపాను. బిల్డర్‌కు పది శాతం, అంటే 6 లక్షల 20 వేలు కట్టి అగ్రిమెంట్ రాయించుకున్నదీ దాన్ని చూసుకునే.

జూన్ 2న మొదటి పేస్లిప్ అందజేశాను. జూన్ 16న ఫోన్ వచ్చింది. ప్రొబేషన్ (ఉద్యోగం ఖాయం కాకముందు ఉండే పరీక్షా కాలం) పూర్తయి, ఆరు పేస్లిప్‌లు వచ్చాక రమ్మన్నారు. నా ప్రొబేషన్ నవంబర్‌లో ముగుస్తుంది. మీ మంజూరు లేఖ గడువు సెప్టెంబర్‌లోనే తీరిపోతుంది. బిల్డర్‌తో రిజిస్ట్రేషన్ గడువు జూలై 31. ఇవన్నీ మీ ఫైల్లో ఉన్న తేదీలే. ప్రొబేషన్ ఆరు నెలలని ఫిబ్రవరిలో చూపించిన ఆఫర్ లెటర్‌లోనే రాసి ఉంది. అది అడ్డమైతే ఆ రోజే చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఇల్లు కొనే ఆలోచన ఏడాది వాయిదా వేసుకునేవాణ్ని, అంతేగానీ అడ్వాన్సు కట్టేవాణ్ని కాదు.

కొత్త ఉద్యోగి విషయంలో బ్యాంకుకు జాగ్రత్త అవసరమే, కాదనను. కానీ నా విషయంలో ఆ భయానికి ఆధారం ఏముంది? మే 2 శుక్రవారం పాత కంపెనీ రిలీవ్ చేసింది, సోమవారం కొత్తదాంట్లో చేరాను. మధ్యలో ఉన్నది శని, ఆదివారాలే. తొమ్మిదేళ్ల పీఎఫ్ పాస్‌బుక్‌లో ఒక్క నెల ఖాళీ లేదు. పాత జీతం చేతికి 78,000 వచ్చేది, ఇప్పుడు 92,000 వస్తోంది. మీరు చెప్పిన 8.5 శాతం మీద 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 39,000. పాత జీతంలో అది సగం, కొత్త జీతంలో ఇంకా తక్కువ. పైగా మార్చి తర్వాత రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.25 శాతం నుంచి 5.50కి తగ్గించింది. నా మీద పడే భారం తగ్గిందే గానీ పెరగలేదు.

నా భార్య విశాఖలో స్కూలు టీచర్. నాతో పాటు రావడానికి ఆమె ఉద్యోగం మానేసింది. సహ దరఖాస్తుదారుగా ఆమె జీతాన్ని ఇప్పుడు లెక్కలోంచి తీసేశారంటే అది న్యాయమే, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. పైన చెప్పిన లెక్క నా ఒక్కడి జీతంతో వేసిందే. కానీ ఒక కుటుంబం ఊరు మారిందంటే ఒకరి జీతం పోయింది, బాబు బడి మారింది, గాజువాకలో మా అమ్మ ఒంటరిగా ఉండిపోయింది. సొంత ఇల్లు చేతికొస్తే అమ్మను తెచ్చుకుందామనుకున్నాం. ఇప్పుడు బాచుపల్లిలో నెలకు 18,000 అద్దె కడుతూ మీ ఫోన్ కోసం చూస్తున్నాం.

శాఖను అడిగితే హైదరాబాద్ ఆఫీసు అంటున్నారు, అక్కడ అడిగితే ఫైలు గాజువాకదే అంటున్నారు. ఇంతవరకు నాకు కాగితం మీద ఒక్క ముక్క రాలేదు. రుణం నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. ‘హోల్డ్‌లో పెట్టాం’ అనే మాటతో ఆ బాధ్యత తప్పించుకోవద్దని కోరుతున్నాను.

అపాయింట్‌మెంట్ లెటర్, రిలీవింగ్ లెటర్, పీఎఫ్ పాస్‌బుక్, మే పేస్లిప్ మళ్లీ జతచేస్తున్నాను. వీటి ఆధారంగా నా అర్హతను తిరిగి పరిశీలించండి. 45 లక్షలు కుదరదనుకుంటే ఎంత కుదురుతుందో చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను. అసలే ఇవ్వలేమంటే కారణం రాసి, కట్టించుకున్న ఫీజు తిరిగి ఇవ్వండి. బిల్డర్ దగ్గర గడువు పొడిగింపు అడగడానికి ఆ కాగితమైనా నాకు కావాలి.

జవాబు రాకపోతే 30 రోజుల తర్వాత, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చని తెలుసు. అప్పటికి జూలై 27 అవుతుంది, నాకు మిగిలేది నాలుగు రోజులు. అందుకే జూలై 7లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ శాఖలో తొమ్మిదేళ్లుగా జీతం ఖాతా ఉన్న దరఖాస్తుదారు