హీటర్ ఆగకపోయినా మోగని హీటర్ అలర్ట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: అక్వేరియం కంట్రోలర్‌లో హీటర్ ఫెయిల్యూర్ అలర్ట్ రాకపోవడం, మాన్యువల్‌లో ఉన్న ప్రమాదకరమైన సూచన, పవర్ స్ట్రిప్ మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా / అమ్మా,

నీళ్ల వేడిని కొలిచి హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే మీ అక్వేరియం కంట్రోలర్‌నీ, దానితో వచ్చే పవర్ స్ట్రిప్‌నీ 200 లీటర్ల మంచినీటి ట్యాంక్‌కి వాడుతున్నాను. హీటర్ 300 వాట్లది. యాప్‌లో ఉన్న హీటర్ ఫెయిల్యూర్ అలర్ట్‌ని మాన్యువల్‌లో చెప్పినట్టే సెట్ చేశాను. అయినా ఒక రాత్రంతా హీటర్ ఆగకుండా పనిచేసి, 25 డిగ్రీలు ఉండాల్సిన నీళ్లు తెల్లారేసరికి 33కి చేరాయి. నా ఫోన్‌కి ఒక్క అలర్ట్ కూడా రాలేదు. నేను చూసేసరికి కోరీ చేపలు చాలావరకు చనిపోయి ఉన్నాయి. మిగిలినవి గాలి కోసం మాటిమాటికీ పైకి వచ్చి పోతున్నాయి.

25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.6కి తగ్గుతుంది, ఆపైన ఇంకా పడిపోతుంది. అదే సమయంలో చేపలకీ, ఫిల్టర్‌లోని బాక్టీరియాకీ ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. చల్లటి నీళ్లకు అలవాటుపడిన కోరీలు అందరికంటే ముందు దెబ్బతింటాయి. ఇవన్నీ మీకు తెలియని విషయాలు కావు. అందుకే కదా కంట్రోలర్ తయారుచేస్తున్నారు.

ఆ రాత్రి ఏం జరిగిందో మీ యాప్‌లోనే రికార్డయి ఉంది. హీటర్ సాకెట్ స్టేటస్ రాత్రంతా ‘ఆఫ్’ అని చూపించింది. పవర్ గ్రాఫ్‌లో మాత్రం అదే సాకెట్ దాదాపు 300 వాట్లు తీసుకుంటూనే ఉంది. అంటే కంట్రోలర్ ఆపమని చెప్పింది కానీ స్ట్రిప్ లోపల కరెంటుని కలిపి, విడదీసే స్విచ్ లాంటి రిలే కాంటాక్టులు అతుక్కుపోయి విడిపోలేదు. స్టేటస్ అని మీరు చూపిస్తున్నది కంట్రోలర్ ఇచ్చిన ఆదేశాన్ని మాత్రమే. కరెంటు నిజంగా ఆగిందా లేదా అన్నది మీ మీటర్‌కి తెలుసు, మీ అలర్ట్‌కి తెలియదు. నా ఫిర్యాదులో అసలు విషయం ఇదే.

హీటర్ పాడవడం అంటే రెండు రకాలు. వేడెక్కాల్సినప్పుడు వేడెక్కకపోవడం ఒకటి, ఆగాల్సినప్పుడు ఆగకపోవడం రెండోది. మీ సెటప్‌లో హీటర్ ఫెయిల్యూర్ అని ఎంచుకుంటే అడిగేది ఒకే ప్రశ్న: ఎన్ని డిగ్రీల కంటే తగ్గితే చెప్పాలి అని. ఎంత పెరిగితే చెప్పాలో అడగనే అడగదు. ఆ రెండో హద్దు వేరే మెనూలో, హీటర్ అనే మాట కూడా లేని చోట ఉంది. సెటప్ పూర్తయ్యాక మాత్రం ‘హీటర్ రక్షణలో ఉంది’ అని పచ్చ గుర్తు వస్తుంది. ఆ గుర్తు చూసి ఎవరైనా నిశ్చింతగా నిద్రపోతారు.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది మాన్యువల్. హీటర్ మీదున్న డయల్‌ని చివరిదాకా తిప్పేయండి, ఇకపై కంట్రోలర్ చూసుకుంటుంది అని అందులో రాశారు. ఆ డయల్ హీటర్ లోపలి థర్మోస్టాట్‌ది, అంటే పెట్టిన డిగ్రీకి నీళ్లు చేరగానే హీటర్‌ని ఆపే భాగానిది. రిలే అతుక్కుపోతే నీళ్లని కాపాడగలిగేది అదొక్కటే. కంట్రోలర్‌లో పెట్టిన దానికంటే ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువ పెట్టి ఉంటే నీళ్లు 27 దగ్గరే ఆగిపోయేవి. మీరు చివరిదాకా తిప్పమన్నారు కాబట్టి 33 దాకా వెళ్లాయి. అక్కడ ఆపింది కూడా ఆ థర్మోస్టాటే. ఈ ఒక్క వాక్యం ఎన్ని ట్యాంకుల్లో అమల్లో ఉందో తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

మీ సపోర్ట్ విభాగానికి రాస్తే, రిలే అతుక్కోవడం చాలా అరుదు, కావాలంటే యాప్‌లో సొంతంగా షరతులు పెట్టి కస్టమ్ రూల్ రాసుకోవచ్చు అని జవాబిచ్చారు. అరుదని నేను ఒప్పుకోలేను. హీటర్ ఆన్ అయ్యే, ఆఫ్ అయ్యే ఉష్ణోగ్రతల మధ్య మీరు డిఫాల్ట్‌గా ఇచ్చిన తేడా 0.1 డిగ్రీ. అంత తక్కువ తేడా పెడితే రిలే రోజంతా టకటకలాడుతూనే ఉంటుంది. ఆన్ అయిన ప్రతిసారీ, ఆఫ్ అయిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుట్టి వాటిని కొంచెం కొంచెం కాలుస్తుంది. 0.5 డిగ్రీ తేడా పెడితే చేపలకు ఏ ఇబ్బందీ ఉండదు, రిలే ఆయుష్షు పెరుగుతుంది.

ఇక కస్టమ్ రూల్ సంగతి. ఇప్పుడు నేనే రాసుకున్నాను, పనిచేస్తోంది కూడా. సాకెట్ ఆఫ్‌లో ఉండి 10 వాట్ల కంటే ఎక్కువ లాగుతుంటే ఒక అలర్ట్. ఆన్‌లో ఉండి పది నిమిషాలపాటు 10 వాట్లు కూడా లాగకపోతే ఇంకో అలర్ట్. ఉన్నవి రెండే షరతులు. 300 వాట్ల హీటర్ 200 లీటర్ల నీళ్లని గంటకు 1.3 డిగ్రీల కంటే వేగంగా వేడి చేయలేదు. అంటే పది నిమిషాల్లో పావు డిగ్రీ కూడా మారదు. నీళ్లలో తేడా తెలియకముందే మనిషికి కబురు అందుతుంది. ఉష్ణోగ్రత మీదే ఆధారపడితే చేపలకు తెలిసిన తర్వాతే మనకు తెలుస్తుంది. పైగా అతుక్కుపోయిన రిలేని కంట్రోలర్ తనంతట తాను విడదీయలేదు. ఎవరో వచ్చి ప్లగ్ పీకాల్సిందే. అలాంటప్పుడు అలర్ట్ తప్ప ఇంకో దారి లేదు. దాన్ని కస్టమర్ కష్టపడి రాసుకోవాల్సిన రూల్‌గా వదిలేయడం న్యాయం కాదు. మీటర్ మీరే పెట్టారు, డేటా మీ దగ్గరే ఉంది.

‘టెస్ట్ అలర్ట్’ బటన్ గురించి కూడా చెప్పాలి. అది నొక్కితే ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది, అంతే. రూల్ పనిచేస్తుందో లేదో దానితో తేలదు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ ముంచితే ఎక్కువ వేడి అలర్ట్ రావాలి. సాకెట్ ఆన్‌లో ఉన్నప్పుడు హీటర్ ప్లగ్ తీసేస్తే తక్కువ వాట్ల అలర్ట్ రావాలి. పరీక్ష అంటే ఇలా ఉండాలి, ఇది మాన్యువల్‌లో ఎక్కడా లేదు. ప్రోబ్ పట్టు ఊడి నీళ్లలోంచి బయటికి వస్తే కంట్రోలర్ గది ఉష్ణోగ్రత చదువుతూ, గది చల్లగా ఉంటే హీటర్‌ని ఆన్‌లోనే ఉంచుతుందన్న హెచ్చరిక కూడా లేదు. వైఫై పోతే మీ సర్వర్ నుంచి ‘కంట్రోలర్ అందుబాటులో లేదు’ అనే మెసేజ్ వచ్చే సౌకర్యం ఉంది, సంతోషం. కానీ దాన్ని డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

నా పవర్ స్ట్రిప్‌ని మార్చి కొత్తది ఇవ్వండి. పాతదాన్ని నేను విప్పలేదు, మీ ఇంజినీర్లు రిలేని పరిశీలించేందుకు వీలుగా అలాగే పంపుతాను. డయల్‌ని చివరిదాకా తిప్పమన్న సూచనని మాన్యువల్ నుంచి వెంటనే తీసేయండి. ఇప్పటికే అది చదివి పాటించిన కస్టమర్లందరికీ మెయిల్ ద్వారా, యాప్ ద్వారా తెలియజేయండి. ఇది ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం ఆగాల్సిన పని కాదు, ఈరోజే చేయొచ్చు. తర్వాతి అప్‌డేట్‌లో హీటర్ ఫెయిల్యూర్ అలర్ట్‌కి పై హద్దునీ, వాట్ల షరతులు రెండింటినీ చేర్చండి. అవి లేకుండా ఆ పచ్చ గుర్తు చూపించకండి.

చనిపోయిన చేపలకు పరిహారం అడగడం లేదు. అవి నా దగ్గర పెరిగిన ప్రాణులు, వాటికి వెల కట్టలేను. ఇంకో ట్యాంక్‌లో ఇలా జరగకూడదనే ఇంత వివరంగా రాశాను.

ఆ రాత్రి పవర్ గ్రాఫ్, ఉష్ణోగ్రత గ్రాఫ్, అలర్ట్ సెట్టింగుల స్క్రీన్‌షాట్లు, మాన్యువల్‌లోని ఆ పేజీ ఫోటో, నేను రాసుకున్న రూల్ జతచేస్తున్నాను. సపోర్ట్ విభాగం నుంచి ముందే రాసిపెట్టుకున్న జవాబు కాకుండా, ఈ అలర్ట్‌ని రూపొందించిన బృందం నుంచి లిఖితపూర్వకంగా సమాధానం ఇప్పించగలరు.

ఇట్లు,
మీ కంట్రోలర్ వాడుతున్న కస్టమర్