కారు కిందికి దించుతున్నారు సరే, వెనక సీట్లో వాళ్ల నడుముల సంగతేంటి?

ఎడిటర్ గారికి,

నమస్కారం. నేను నరసరావుపేటలో వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), సస్పెన్షన్ (కుదుపులు మింగే స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ) పని చేసే మెకానిక్‌ని. ఈ మధ్య మా షాపుకు కుర్రాళ్లు తెచ్చే కార్లలో చాలా వాటికి ఎత్తు తగ్గించి ఉంటోంది. చక్రానికీ దాని పైన ఉండే బాడీ రేకు ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్ల గ్యాప్ మిగిలితే బండికి లుక్ వచ్చేసినట్టే అంటున్నారు. ఆ తర్వాత వచ్చి చెప్పే కంప్లైంట్ మాత్రం అందరిదీ ఒకటే, "అన్నా, రోడ్డు మీద ప్రతి గుంతా ఒంటికి తెలుస్తోంది, ఓసారి అలైన్‌మెంట్ చూడు" అని. అలైన్‌మెంట్‌తో పోయే జబ్బు కాదది. ఎత్తు తగ్గించడానికి స్ప్రింగు కోసేవాడు ఈ సంగతి చెప్పడు, రీల్స్‌లో చూపించేవాడికి అసలే అక్కర్లేదు, అందుకే మీ పేపర్ ద్వారా చెబుదామని రాస్తున్నాను.

కారు మెత్తగా పోవాలంటే గుంత వచ్చినప్పుడు చక్రం పైకి లేవడానికి లోపల జాగా ఉండాలి. మామూలుగా నిలబడి ఉన్న బండిలో చక్రం ఇంకో మూడంగుళాలు పైకి లేవగలదు అనుకుందాం. దాన్ని రెండంగుళాలు దించితే మిగిలేది ఒక్క అంగుళం. రోడ్డు మారలేదు, గుంత లోతు తగ్గలేదు, అంతకుముందు మూడంగుళాల్లో మింగిన దెబ్బను ఇప్పుడు ఒక్క అంగుళంలో మింగాలి. మింగలేదు. షాకబ్జార్బర్ రాడ్ మీద బంప్ స్టాపర్ అని చిన్న రబ్బరు ముక్క ఉంటుంది, బండి దాని మీద వచ్చి కూర్చుంటుంది. అది ఎప్పుడో ఒకసారి పెద్ద గుంత పడ్డప్పుడు తగలడానికి పెట్టింది, దించిన బండి పొద్దస్తమానం దాని మీదే నడుస్తుంది. అందులోనూ నలుగురు ఎక్కి, డిక్కీలో రెండు బస్తాలు వేసుకుని ఊరికి బయల్దేరితే ఆ ఒక్క అంగుళం కూడా బరువుకే పోతుంది. ఇక స్ప్రింగు ఉన్నా లేనట్టే.

మా దగ్గర ఎక్కువగా కనిపించేది స్ప్రింగు కోయించడం. గ్రైండర్ పెట్టి ఒక చుట్టో, చుట్టున్నరో కోసేస్తారు, ఖర్చు తక్కువ, గంటల్లో పని అయిపోతుంది. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే మిగిలిన 5 చుట్లు 20 శాతం గట్టిపడతాయి, అంటే బండి ఎత్తూ తగ్గింది, మెత్తదనమూ తగ్గింది. అలాగని మిగిలిన కాస్త జాగాలో దెబ్బను ఆపేంత గట్టితనం కూడా రాదు. కోసిన చివర కింద కప్పులో సరిగ్గా కూర్చోదు. జాకీ మీద లేపితే స్ప్రింగు వదులై చేత్తో తిరిగే బండ్లు నేను చూశాను. పెద్ద గుంతలో చక్రం కిందికి జారినప్పుడు కూడా అదే జరుగుతుంది, అప్పుడు స్ప్రింగు పక్కకు తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకొందరు గ్యాస్ కట్టర్‌తో కాల్చి కుంగదీస్తారు, ఆ వేడికి స్టీలు పదును పోయి స్ప్రింగు రోజురోజుకీ ఇంకా కుంగుతూనే ఉంటుంది. దయచేసి ఈ రెండూ చేయించకండి.

స్ప్రింగు మార్చినా షాకబ్జార్బర్ పాతదే ఉంచితే అదో బాధ. గట్టి స్ప్రింగు తిరిగి లేచే ఊపును పాత షాకబ్జార్బర్ పట్టుకోలేదు. మా పల్నాడులో చాలా చోట్ల నల్లరేగడి నేల, వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని బీటలు వారుతుంది, దాని మీద వేసిన తారు రోడ్డు కూడా దానితో పాటే అలలు అలలుగా తయారవుతుంది. దానికి తోడు సిమెంటు లారీలూ సున్నపురాయి లారీలూ తిరిగి తిరిగి చక్రాల దారి అణిగిపోయి ఉంటుంది. ఇలాంటి రోడ్డు మీద డెబ్బైలో పోతుంటే అసలు ఎత్తున్న బండి ఒకసారి ఊగి ఆగుతుంది, దించిన బండి ఒక అలకు ఎగిరిన ఎగురు సద్దుమణగక ముందే ఇంకో అల మీద పడుతుంది. నడిపేవాడికి స్టీరింగు కూడా అటూ ఇటూ లాగుతుంది, ఎందుకంటే ఎత్తు మారేసరికి స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్‌లూ, చక్రాన్ని బండి అడుగు భాగానికి పట్టి ఉంచే లోవర్ ఆర్మ్‌లూ ఉండాల్సిన కోణంలో ఉండవు, గుంత గుంతకీ చక్రం ముఖం తిరుగుతుంటుంది.

దించితే మలుపుల్లో బండి బాగా పట్టుకుంటుంది కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. మొత్తం డిజైన్ అలాగే చేసిన బండికి, మంచి రోడ్డు మీద, అది నిజమే. మన మామూలు చిన్న కార్లకు ముందు వైపు ఒక్క లోవర్ ఆర్మ్, దాని మీద స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన కాలు) ఉంటాయి. ఎక్కువ దించితే ఆ ఆర్మ్ చక్రం వైపు పైకి లేచి ఉంటుంది. అప్పుడు బండి బరువు కేంద్రం దిగిన దానికంటే, బండి ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు ఇంకా ఎక్కువ కిందికి పోతుంది. అంటే ఆ రెండిటి మధ్య దూరం పెరిగి, ఒరగడం తగ్గాల్సింది పోయి పెరిగే అవకాశమే ఉంది. లుక్ కోసం దించామని చెప్పండి, ఒప్పుకుంటాను. కంట్రోల్ కోసం అంటే మాత్రం ఒప్పుకోలేను.

టైర్ల విషయం చాలామంది మర్చిపోతారు. మారుతి స్విఫ్ట్ పై మోడళ్లకి 185/65 ఆర్15 టైరు వస్తుంది (వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు), దాని పక్క గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. దాన్ని తీసేసి 17 అంగుళాల అల్లాయ్ వేసి 205/45 టైరు ఎక్కిస్తే గోడ ఎత్తు 92 మిల్లీమీటర్లే. చక్రం మొత్తం సైజు దాదాపు అంతే ఉంటుంది, గుంతను ముందుగా మింగే గాలి మెత్త మాత్రం అంగుళానికి పైగా తగ్గిపోతుంది. దించడం, పక్క గోడ తక్కువున్న టైరు వేయడం రెండూ కలిసిన బండ్లకు రిమ్ములు వంగి రావడం మాకు మామూలైపోయింది.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ముందు సీట్లు రెండు యాక్సిల్‌లకీ మధ్యలో ఉంటాయి, వెనక సీటు దాదాపు వెనక చక్రాల మీదే ఉంటుంది. అందుకే దెబ్బ ఎంత గట్టిదో నడిపే కుర్రాడికి సగమే తెలుస్తుంది, మిగతాది వెనక కూర్చున్న అమ్మకీ నాన్నకీ కడుపుతో ఉన్న అక్కకీ తెలుస్తుంది. కొడుకు ముచ్చటపడి చేయించుకున్నాడని పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పరు, సీటు పట్టుకుని కూర్చుంటారు. బండి దించిన తమ్ముళ్లందరికీ నేను చెప్పేది ఒకటే, ఒకసారి వేరేవాళ్లకి స్టీరింగు ఇచ్చి మీ బండిలో మీరే వెనక సీట్లో కూర్చుని పిడుగురాళ్ల దాకా వెళ్లి రండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా పేచీ వస్తుంది.

అంతా కుర్రాళ్ల తప్పేనని నేను అనను. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి కడుపుకీ రోడ్డుకీ మధ్య ఎత్తు, 163 మిల్లీమీటర్లు. అసలు ఎత్తులో ఉన్న బండికే మా వైపు స్పీడ్ బ్రేకర్ల మీద ఇంజిన్ కింది ఆయిల్ ఛాంబర్ తగులుతోంది. రోడ్ల కొలతలకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపుతో ఉండాలి. అలా కడితే 2.45 మీటర్ల వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న చిన్న కారు నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీదికి వస్తాయి, రెండు చక్రాల మధ్య బండి కడుపు కిందికి లేచే వంపు నాలుగున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ఊళ్లలో మనం చూసేది అడుగు వెడల్పున కాంక్రీటు పోసి లేపిన గట్టు. ముందు చక్రాలు దాన్ని దాటాక గట్టు ఎత్తంతా బండి కడుపు కిందికే వస్తుంది. ఆరంగుళాల గట్టయితే 152 మిల్లీమీటర్లు, మనుషులు ఎక్కి కుంగిన చిన్న కార్లు చాలావరకు దాన్ని రుద్దుకోకుండా దాటలేవు. ముందు బోర్డు ఉండదు, తెల్ల పెయింటు ఉండదు, రాత్రి పూట బైకు మీద వచ్చేవాడి పరిస్థితి ఇంకా ఘోరం. వీటిని కొలిచి, రూలుకు తగ్గట్టు మళ్లీ కట్టించే పని పంచాయతీలూ మున్సిపాలిటీలూ రోడ్ల శాఖా వెంటనే మొదలుపెట్టాలి. రవాణా శాఖ వాళ్లు కూడా సైలెన్సర్లు, నల్ల ఫిల్ములు పట్టుకున్నట్టే కోసిన స్ప్రింగుల మీద కూడా చెకింగ్ పెట్టాలి.

ఇప్పటికే దించేసినవాళ్లు ఒకసారి బండిని జాకీ మీద లేపించి స్ప్రింగులు వదులుగా ఉన్నాయేమో, బంప్ స్టాపర్ చితికిందేమో, యాక్సిల్ బూట్లు (రబ్బరు తొడుగులు) చిరిగాయేమో, లోవర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు పోయాయేమో చూపించుకోండి. కోసిన స్ప్రింగులైతే తీసేసి కంపెనీ స్ప్రింగులు వేయించండి, వేసిన వెంటనే అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించుకోండి. బండి ఎత్తు మారితే లైటు పడే చోటు కూడా మారుతుంది.

ఇట్లు,
ఒక సస్పెన్షన్ మెకానిక్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా